విశాలకోణ కటకము – పరిమిత ధనము



ఈ సాయంకాలము నేను ప్రసంగింపబూనిన విషయము ఛందస్సు కాదు, వ్యాకరణము కాదు. వెడల్పైన దృశ్యమును చూపు కెమెరా కటకమును, అనగా బజారులో వైడ్ లెన్సు అని వ్యవహరింపబడు దానిని, కొద్దిపాటి ధనముతో ఎట్లు ఎన్నుకొనవలెననునదే నా ప్రస్తావము. పండితునకు కటకములతో పనియేమి యని కొందరు అడుగవచ్చును. బడిలో గణితోపాధ్యాయుడు సెలవు పుచ్చుకొనిన దినములలో క్షేత్రగణితము చెప్పుట నాకు తప్పినది కాదు. కటకమును ఎన్నుకొనుట ముప్పాతికపాలు క్షేత్రగణితమే.

నేను కొండాపూరులో నివసించుచున్నాను. 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన పిమ్మట ఈ ప్రాంతమున మేడల ప్రక్క మేడలు లేచినవి. నిత్యము ఎవరో ఒకరు ఇల్లు ఖాళీ చేయుదురు, మరియొకరు వత్తురు. వచ్చువారిలో అనేకులు దూరపు ఊళ్లనుండి, చిత్రములను మాత్రమే చూచి అడ్వాన్సు పంపుదురు. అట్టి చిత్రములు తీసియిచ్చి జీవనము గడుపదలచిన యువకుడొకడు మా వీధిలో కలడు. తండ్రి కారు డ్రైవరు. కుమారుని యొద్దనున్నది ఒక పాత కెమెరా, దానితో వచ్చిన 18-55 లెన్సు. దానితో పడకగదిని తీసినచో మంచము వచ్చిన బీరువా రాదు, బీరువా వచ్చిన కిటికీ రాదు. ఒక దుకాణమువారు అతనికి చాల వెలగల కటకమును చూపి, వాయిదాలపై కొనుమనిరట. “రెండేండ్లు ఈఎంఐ కట్టాలె సార్, నాన్న జీతంల సగం దానికే పోతది” అని అతడు నాతో చెప్పినప్పుడు, కాగితము పెన్సిలు తెమ్మంటిని.

గదిమూలను నిలిచి చూడుడు. ఇరుప్రక్కల గోడలకు నడుమ ఉన్నది లంబకోణము, అనగా 90 డిగ్రీలు. రెండు గోడలును చిత్రములో పడవలెనన్న కటకము అడ్డముగా 90 డిగ్రీలు చూడవలెను. దానికి లెక్క చాల సులభము. కెమెరాలో వెలుగు పడు ఫలకమునకు సెన్సారని పేరు. దాని వెడల్పులో సగమెంతయో, కటకపు నాభ్యంతరమును అంతయే యైనచో కోణము సరిగా 90 డిగ్రీలగును. పెద్ద ఫలకము వెడల్పు 36 మిల్లీమీటర్లు. కావున దానికి 18 మిల్లీమీటర్ల కటకము చాలును. సామాన్యులు కొను కెమెరాలలో ఫలకము చిన్నది; నికాన్‌లో సుమారు 23.5, కెనాన్‌లో సుమారు 22.3 మిల్లీమీటర్లు. వీనికి 11 లేక 12 మిల్లీమీటర్లు కావలెను. అదే 18 మిల్లీమీటర్ల కటకము చిన్న ఫలకముపై 66 డిగ్రీలే చూచును. గదిలో నాల్గవవంతుకు పైగా పోయినది. మన యువకుని బీరువా పోయినదక్కడనే!

ఇక వెల సంగతి. వెడల్పు కటకములు ప్రియమగుటకు కారణమున్నది. అద్దముగల కెమెరాలో ఆ అద్దము పైకి లేచుటకు చోటు విడువవలెను గనుక, 10 మిల్లీమీటర్ల కటకమును ఫలకమునకు 10 మిల్లీమీటర్ల దూరమున నిలుపుటకు వీలులేదు. వెనుకకు త్రిప్పిన దూరదర్శిని వంటి కూర్పును చేయవలసివచ్చినది. పారిస్‌లో ఆంజెన్యూ సంస్థ 1950లో అట్టిదానిని వెలువరించినది. గాజుపలకలు పెరిగినకొలది వెల పెరిగినది. దానిపై రంధ్రము పెద్దదైనచో, అనగా సంఖ్య 2.8 అయినచో, మరింత పెరుగును. 4.5 సంఖ్యగల కటకముకంటె 2.8 గలది రెండున్నర రెట్ల వెలుగును గ్రహించు మాట నిజమే. రాత్రి నక్షత్రములను తీయువారికి, చీకటి రంగస్థలముపై నర్తకిని తీయువారికి అది అవసరము. కాని ఖాళీగది కదలదు, మంచము పరుగెత్తదు. కెమెరాను ముక్కాలిపీటపై నిలిపి అరసెకను వెలుగు పట్టినచో చీకటిగదియు తెల్లగా వచ్చును. కదలని వస్తువుకొరకు రెండేండ్ల అప్పు ఏల?

2014లో కెనాన్ సంస్థ చిన్న ఫలకమునకు 10-18 కటకమును, పెద్ద ఫలకమునకు 16-35 కటకమును ఒకే దినమున ప్రకటించినది. మొదటిదాని వెల 299 డాలర్లు, రెండవదానిది 1,199. మొదటిది 240 గ్రాముల తేలికవస్తువు. గదులకు, గుడి మంటపములకు చాలినంతది. నికాన్‌వారి 10-20 అను తేలిక కటకము 2017లో వచ్చినది. అయితే అది డీ 90, డీ 3000 వంటి పాత కెమెరాలతో పొసగదు. కెమెరాను వెంట గొనిపోయి, తగిలించి చూచి, ఆ పిమ్మటనే పైకము చెల్లింపవలెను.

కోఠీలో గుజరాతీ గల్లీలో వాడిన లెన్సులు దొరకును. టార్చిలైటు వెనుకనుండి వేసి లోపల చూడుడు. సాలెగూటి వంటి తెల్లని నూలు కనబడినచో అది బూజు, విడువుడు. కొంచెము దుమ్మున్నచో భయములేదు. తరువాత ఇటుకగోడ నొకదానిని ఎదురుగా తీసి, నాలుగు మూలలను పెద్దవి చేసి చూడవలెను. నాలుగును కొంచెము మసకయైన సహింపవచ్చును. ఎడమమూల స్ఫుటమై కుడిమూల మసకయైనచో లోని గాజు ప్రక్కకు జరిగినదన్నమాట. ఎంత చౌకయైనను వలదు.

అసలు కొనకయే కొంత పని జరుగును. 18 మిల్లీమీటర్ల లెన్సుతో కెమెరాను నిలువుగా పట్టి, మూడవవంతు ఒకదానిపై నొకటి పడునట్లు మూడు చిత్రములు తీసినచో 109 డిగ్రీలు వచ్చును. హ్యుగిన్ అను ఉచిత సాధనము వానిని కుట్టిపెట్టును. దగ్గరి కుర్చీల అంచులు అప్పుడప్పుడు అతుకవు, దినమునకు పది ఇండ్లు తీయువానికి ఓపిక చాలదు. కాని నెలకు రెండిండ్లు తీయువానికి ఇదియే ఉత్తమము.

ఇప్పుడు కొంచెము కఠినమైన మాట. ఈ కటకము అబద్ధమాడగలదు. దగ్గర నిలిచి తీయుటచే దగ్గరివి పెద్దవై, ఎదుటిగోడ దూరమునకు పోయి, పదడుగుల గది సభామంటపమువలె కనబడును. రాజమహేంద్రవరమునుండి వచ్చిన యొక కుటుంబము అట్టి చిత్రమును నమ్మి అడ్వాన్సు పంపి, సామానుతో దిగిన పిమ్మట, తమ మంచము వేసినచో తలుపు తెరచుకొనని గదిని చూచి వసారాలో కూర్చుండుట నేను కన్నులార చూచితిని. అందుచే ఆ యువకునితో ఇట్లంటిని: 10 వరకు పోవలదు, 12 వద్దనే ఆగుము, ప్రతి గదిలోను ఒక మామూలు కుర్చీని, అంచున గాక నడుమ, ఉంచి తీయుము, గది కొలతలను చిత్రముక్రింద వ్రాయుము. ఇండ్లవారు కొందరు ఒప్పుకొనలేదు. ఇద్దరు పని మానిపించిరి కూడ. అయినను అతడు కుర్చీని తీసివేయలేదు.

కెమెరాను రొమ్మెత్తున, సమమట్టముగా నుంచుట మరువరాదు. పైకెత్తినచో గోడలు లోనికి వాలును. నిజామునకు చిత్రములు తీసిన రాజా దీనదయాళు (1844–1905) కాలపు పెద్దపెట్టెలలో అనేకములందు పెట్టెను వంచకయే కటకమును మాత్రము పైకి జరుపు వీలుండెడిది. మన చిన్న కెమెరాలకు అది లేదు. 10 మిల్లీమీటర్ల వద్ద రంధ్రమును 8కి తగ్గించి, రెండడుగుల దూరమునకు స్ఫుటపరచినచో, అడుగు దూరమునుండి ఆకాశపుటంచువరకు అన్నియు తేటగా వచ్చును.

మన యువకుడు చివరకు కోఠీలో వాడిన 10-18 నే కొనెను, అప్పు చేయలేదు. మిగిలిన డబ్బుతో గట్టి ముక్కాలిపీట కొనెను. వానకాలమున బూజు పట్టకుండ, తల్లి ఇచ్చిన బిగుతుమూత డబ్బాలో సిలికాజెల్ పొట్లములు వేసి లెన్సును దాచుచున్నాడు.