కృత్రిమ రక్తనాళాలు శరీరంలో ఎలా కలిసిపోతాయి?

నీటి గొట్టానికి చిల్లులు ఉంటే దాన్ని పారేస్తాం. కృత్రిమ రక్తనాళానికి మాత్రం సూక్ష్మమైన రంధ్రాలు ఉండి తీరాలి. ఎందుకో తెలుసుకుందాం.

1947లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆర్థర్ వూర్హీస్ అనే యువ వైద్యుడు ఒక కుక్క గుండెలో కొన్ని నెలలుగా ఉండిపోయిన పట్టుదారాన్ని చూశారు. దానిపై మెరిసే పలుచని పొర పెరిగి ఉంది. దారంపై పెరిగిన పొర గుడ్డపైన కూడా పెరగదా అని ఆయన ఆలోచించారు. వినియాన్-ఎన్ అనే కృత్రిమ వస్త్రంతో గొట్టాలు కుట్టి కుక్కల మహాధమనిలో అమర్చారు. ఆ ఫలితాలు 1952లో వెలువడ్డాయి. తర్వాత డేక్రాన్, టెఫ్లాన్ జాతి పదార్థాలు వాడుకలోకి వచ్చాయి.

గొట్టంలో రక్తం ప్రవహించగానే రక్తంలోని ప్రోటీన్లు దాని గోడకు అంటుకుంటాయి. ఫైబ్రిన్ పోగులు రంధ్రాలను పూడ్చి రక్తం కారకుండా ఆపుతాయి. తర్వాత బయటి కణజాలం నుంచి ఫైబ్రోబ్లాస్టు కణాలు రంధ్రాల్లోకి చొచ్చుకువచ్చి కొల్లాజెన్ తయారుచేస్తాయి. ఇలా గొట్టం చుట్టూ ఉన్న కణజాలంలో పాతుకుపోతుంది. రంధ్రాల అవసరం ఇదే.

ఇక లోపలి వైపు సంగతి. మన రక్తనాళాల లోపల ఒకే కణం మందాన ఎండోథీలియం అనే పొర ఉంటుంది. అది నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్‌లను విడుదల చేసి, రక్తం గడ్డకట్టకుండా కాపాడుతుంది. కుట్లు వేసిన అంచుల నుంచి ఈ పొర గొట్టంలోకి పాకుతుంది. అయితే మనుషుల్లో అది ఒకటి రెండు సెంటీమీటర్ల వద్దే ఆగిపోతుంది. మధ్యభాగంలో ఏళ్లు గడిచినా ఫైబ్రిన్ పొరే ఉంటుంది.

మహాధమని వెడల్పయినది, ప్రవాహం వేగవంతమైనది. కనుక అక్కడ ఈ లోపం పెద్దగా బాధించదు. 6 మిల్లీమీటర్ల కంటే సన్నని గొట్టాల్లో రక్తం సులభంగా గడ్డకడుతుంది. కుట్ల దగ్గర కండరకణాలు పెరిగి దారిని ఇరుకు చేస్తాయి. అందుకే గుండె బైపాస్‌లో నేటికీ రోగి కాలి సిరనో, ఛాతీలోని ధమనినో వాడతారు. అవి పనికిరాని రోగికి దారి కష్టమవుతుంది.

2024 డిసెంబరులో అమెరికా ఒక కొత్తరకం నాళాన్ని అనుమతించింది. ప్రయోగశాలలో మానవ కణాలతో నాళాన్ని పెంచి, తర్వాత ఆ కణాలను తొలగిస్తారు. మిగిలిన ప్రోటీన్ల అల్లికలో రోగి సొంత కణాలు చేరి స్థిరపడతాయి. పెద్దల్లో చేతులు, కాళ్ల ధమనులు గాయపడి, సొంత సిర వాడే వీలు లేనప్పుడు దీన్ని అమర్చవచ్చు. గుండె ధమనుల సన్నని దారికి సరిపోయే నాళం కోసం అన్వేషణ కొనసాగుతూనే ఉంది.