ఇంగ్లీషు వ్యాసపరీక్ష: ప్రశ్నను సొంతమాటలలో చెప్పుట

డోను జంక్షనులో హైదరాబాదు బండికో బెంగుళూరు బండికో కాచుకొనియుండు యువకులలో కొందరి చేతులందు ఇప్పుడు ఇంగ్లీషు పరీక్షల పుస్తకములు కానవచ్చుచున్నవి. విదేశములలో పైచదువు చదువగోరువారును, అచట నర్సులుగానో ఇంజనీర్లుగానో కుదురుకొనగోరువారును తమకు ఇంగ్లీషు వచ్చునని ఋజువు చేసికొనవలసియున్నది. అట్టి పరీక్షలలో ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అనునది మనవారికి మిక్కిలి పరిచితమైనది. 1989లో ఈ పేరుతో ఆరంభమైన ఈ పరీక్షలో వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట అను నాలుగు భాగములు కలవు. ఫలితమును సున్న మొదలు తొమ్మిది వరకు, అర చొప్పున పెరుగు అంకెలలో తెలుపుదురు. ఆరున్నర కావలసినచోట ఆరు వచ్చినచో మరల రుసుము, మరల ప్రయాణము; ఒక్కొక్కప్పుడు ఒక విద్యాసంవత్సరమే చేజారిపోవును. వానను నమ్ముకొని సేద్యము చేయు కుటుంబమునకు ఆ అర అంకె చిన్న విషయము కాదు.

వ్రాతభాగములో రెండు పనులుండును. మొదటిది 150 మాటలకు తగ్గరాదు; దానికి 20 నిమిషములు. రెండవది 250 మాటలకు తగ్గని వ్యాసము. దానికి 40 నిమిషములు. మార్కులలో వ్యాసమునకు రెట్టింపు విలువ. మేమిప్పుడు చెప్పబూనినది ఆ వ్యాసమును గూర్చియే. అందులోను దాని మొదటి రెండు మూడు వాక్యములను గూర్చియే. విద్యార్థులు పలువురు తడబడునది అక్కడనే. ఏమి వ్రాయుటకును తోచక ప్రశ్నలోని వాక్యమునే ఎత్తి వ్రాయుదురు. అట్లు ఎత్తి వ్రాసిన మాటలను పరీక్షకులు విద్యార్థి మాటలుగా లెక్కింపరు. 250 మాటలు వ్రాసితినని అనుకొనినవాని వ్యాసము నిజముగా 220 మాటలే అయి కూర్చుండును. ఈ కీడును తప్పించుకొనుటకు ప్రశ్నను తన మాటలలో తిరిగి చెప్పవలెను. దీనినే ఇంగ్లీషులో పారాఫ్రేజు అందురు.

ఇది క్రొత్తగా పుట్టిన విద్య కాదు. ఆంగ్లేయుల కాలపు మెట్రిక్యులేషను చదువులో పద్యమునిచ్చి వచనముగా తిరిగి వ్రాయుమనుట పరిపాటియే. నేటికిని సివిల్ సర్వీసు పరీక్షలోని ఇంగ్లీషు పత్రములో ఒక భాగమునిచ్చి దానిని మూడవవంతుకు కుదించి సొంతమాటలలో వ్రాయుమందురు. పరీక్షల పేర్లు మారినను పరీక్షకుడు అడుగునది ఒక్కటే: చదివినది నీకు అర్థమైనదా?

ఆ మాటకు వచ్చినచో మన తెలుగు బడులలో చదివిన ప్రతి పిల్లవానికిని ఈ విద్య కొంత అలవాటైనదే. పద్యమునకు ప్రతిపదార్థము వ్రాయుట ఒక పని. అన్వయక్రమమున మాటలను సరిచేసికొనుట రెండవ పని. తాత్పర్యము చెప్పుట మూడవ పని. ప్రతిపదార్థము వ్రాసినంత మాత్రమున తాత్పర్యము రాదని పంతులుగారు ఎన్నిమార్లో చెప్పియుందురు. మన విద్యార్థి ఇంగ్లీషు పరీక్షలో కూర్చుండగానే ఈ మూడింటిలో మొదటిదానిని మాత్రమే జ్ఞాపకముంచుకొని తక్కిన రెంటిని మరచును. మాటకు మాట మార్చి పని ముగిసినదనుకొనును.

కాళిదాసు కావ్యములకు వ్యాఖ్యలు రచించిన కోలాచలము మల్లినాథసూరి మన తెలుగునాటివాడు. మూలములో లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ఆయన నియమము పెట్టుకొనెను. ఇంగ్లీషు వ్యాసమునకు ఉపోద్ఘాతము వ్రాయువానికి ఇంతకు మించిన సూత్రమును మేము ఏ గైడులోను చూడలేదు. కడపకు 1820లో ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌను వేమన పద్యములను ఇంగ్లీషులోనికి మార్చి 1829లో ప్రకటించెను; పండితులకు జీతములిచ్చి కడపలో తన బంగళాయందే తెలుగు కావ్యములకు శుద్ధప్రతులును టీకలును సిద్ధము చేయించెను. పరభాషలోని మాటను మరియొక మాటతో పట్టియిచ్చుట ఎంతటి శ్రమయో మన సీమకు తెలియనిది కాదు.

ఇక పర్యాయపదముల సంగతి. ఇందే పెక్కు ప్రమాదములు కలవు. నీరు, జలము, ఉదకము, తీర్థము అను మాటలను నిఘంటువు ఒక వరుసలో కూర్చుండబెట్టును. అంతమాత్రమున డోను ప్లాట్‌ఫారము మీది కొళాయి యొద్దకు పోయి తీర్థమిమ్మని అడుగువాడు లేడు. గుడిలో పూజారి నీళ్ళు పుచ్చుకొనుమనడు. తెలుగులో మనకు పుట్టుకతో వచ్చిన ఈ వివేకము ఇంగ్లీషులో లేకపోవుట సహజము. అందుచేతనే నిఘంటువులో ప్రక్కన కనబడిన మాటనెల్ల తెచ్చి వాక్యములో దిగవేయుట సాహసము. హెవీ రెయిన్ అనుట ఇంగ్లీషు. స్ట్రాంగ్ రెయిన్ అనుట ఇంగ్లీషు కాదు. ఓల్డ్ పీపుల్ అనుటకు బదులు ఎల్డర్లీ పీపుల్ అనవచ్చును. ఏన్షియంట్ పీపుల్ అనినచో వృద్ధులు కారు, ప్రాచీనకాలపు జనులగుదురు.

మన ప్రాంతపు మాట ఒకటి చూతము. కరవు అను మాట మనకు రెండు విధముల వాడుక. వాన రాక చేలు ఎండుటయు కరవే. తిండి లేక జనము అలమటించుటయు కరవే. ఇంగ్లీషులో మొదటిది డ్రాట్, రెండవది ఫ్యామిన్. 1876 మొదలు 1878 వరకు దక్షిణాదిని పట్టిపీడించి కర్నూలు, బళ్ళారి జిల్లాలను శ్మశానప్రాయముగా చేసిన ధాత కరవు ఫ్యామిన్. ఒక సంవత్సరము తొలకరి తప్పి వేరుసెనగ ఎండిపోయినందున ప్రభుత్వము కొన్ని మండలములను కరవు మండలములుగా ప్రకటించినచో అది డ్రాట్. ప్రశ్నలో డ్రాట్ అని యుండగా మాట మార్చవలెనను తొందరలో ఫ్యామిన్ అని వ్రాసిన విద్యార్థి ఎండిన చేను చూపవలసినచోట ఆకలిచావులను చూపినవాడగును. ఇది కేవలము పండితుల చర్చ కాదు. ధాత కరవు తరువాత 1880వ దశకములో ఏర్పడిన క్షామ నిబంధనలు స్కేర్సిటీ వేరు, ఫ్యామిన్ వేరు అని భేదము పాటించినవి. ఏ మాట వాడినచో సర్కారుపై ఎంత భారము పడునో అధికారులు ఎరుగుదురు. ఒక మాటకు బదులు మరియొక మాట వేయుటలో గంజి కేంద్రములు తెరచుటయు తెరవకుండుటయు ఇమిడియుండిన కాలము అది.

మాటలో అర్థమే కాక చెప్పువాని దృష్టియు ఉండును. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి విడిచిపెట్టిన ఈ జిల్లాలను ఆంగ్లేయులు సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అనిరి. దానినే తెలుగుచేసి మనవారు దత్తమండలములనిరి. 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్రమహాసభ సందర్భమున చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అను పేరును ప్రతిపాదించిరి, అదియే నిలిచినది. పటము మీద నేల అదియే. కాని మొదటి పేరు ఎవరు ఎవరికి ఇచ్చివేసిరో చెప్పును; రెండవది ఎవరు ఏలిరో చెప్పును. ప్రశ్నలో డెవలపింగ్ కంట్రీస్ అనియున్నప్పుడు బ్యాక్‌వర్డ్ కంట్రీస్ అని మార్చుటలోని దోషము ఇటువంటిదే. దేశములు మారలేదు, చూపు మారినది. పరీక్షకుడు దానిని గమనించును.

ఇపుడు ఒక ప్రశ్నను తీసికొని పని చేసి చూతము. రైలు కూడలి యగు మన ఊరికి తగినట్లు మేమే కల్పించిన ప్రశ్న ఇది: "సమ్ పీపుల్ థింక్ దట్ గవర్నమెంట్స్ షుడ్ స్పెండ్ మోర్ ఆన్ రైల్వేస్ ద్యాన్ ఆన్ రోడ్స్." అనగా, ప్రభుత్వములు రోడ్లకంటె రైళ్ళకు ఎక్కువ ధనము వెచ్చింపవలెనని కొందరి తలంపు. దీనిని మాటకు మాట మార్చు విద్యార్థి ఇట్లు వ్రాయును: "మెనీ ఇండివిడ్యువల్స్ ఒపైన్ దట్ అథారిటీస్ మస్ట్ ఎగ్జాస్ట్ మోర్ ఆన్ లోకోమోటివ్స్ ద్యాన్ ఆన్ స్ట్రీట్స్." చూచుటకు గంభీరముగానే యున్నది. కాని కొందరు అనేకులైరి. వెచ్చింపవలెను అను సలహా, వెచ్చించి తీరవలెను అను శాసనమైనది. వెచ్చించుట కాస్త హరించివేయుట అయినది. రైలుమార్గములు పోయి ఇంజనులు మాత్రము మిగిలినవి. కర్నూలు పోవు రహదారి పోయి ఊరిలోని వీధి వచ్చినది. ఒక్క వాక్యములో ఐదు చోట్ల అర్థము జారినది. ఇంత కష్టపడుటకంటె ప్రశ్నను ఎత్తి వ్రాసినను ఇంత చెడదు!

మరియొక విధము: "ఇట్ ఈజ్ సమ్‌టైమ్స్ ఆర్గ్యూడ్ దట్ రైల్వేస్ షుడ్ రిసీవ్ ఎ లార్జర్ షేర్ ఆఫ్ పబ్లిక్ మనీ ద్యాన్ రోడ్స్." ఇందు కఠినమైన మాట ఒక్కటియు లేదు. రైల్వేస్, రోడ్స్, షుడ్ అను మూడు మాటలు ప్రశ్నలోనివే. వానిని మార్చలేదు; మార్చనక్కరయు లేదు. రైలుకు రైలే పేరు. మారినది వాక్యపు అమరిక. ప్రశ్నలో ప్రభుత్వము కర్త. ఇక్కడ రైల్వేలు కర్త. స్పెండ్ అను క్రియ పోయి షేర్ అను నామవాచకము వచ్చినది. కొందరి తలంపు అనుటకు బదులు అట్టి వాదమొకటి అప్పుడప్పుడు వినబడును అని చెప్పబడినది. పోలిక అట్లే నిలిచినది.

ఈ నామవాచకపు ఉపాయము మన భాషలోను కలదు. వాన కురియనందున పంట పండలేదు అని రైతు అనును. వర్షాభావము పంటనష్టమునకు కారణమైనది అని పత్రిక వ్రాయును. ఇంగ్లీషులో మొదటిది "బికాజ్ ఇట్ డిడ్ నాట్ రెయిన్, ద క్రాప్ ఫెయిల్డ్", రెండవది "ద ఫెయిల్యూర్ ఆఫ్ ద రెయిన్స్ లెడ్ టు క్రాప్ లాస్." కారణము కారణముగానే, ఫలితము ఫలితముగానే ఉన్నంతవరకు అమరికను ఎట్లు మార్చినను బాధ లేదు. అయితే వ్యాసమంతయు ఇట్లే సాగించినచో అది తాలూకా కచేరి తాఖీదువలె చదువరిని అలయించును. రెండు పొడుగు వాక్యముల నడుమ ఒక పొట్టి వాక్యముండుట మేలు.

మార్చకూడనివి కొన్ని కలవు. కొందరు, పెక్కురు, మాత్రమే, ఎన్నడును, కంటె అను చిన్న మాటలు ప్రశ్నకు ఎల్లలవంటివి. పొలము గట్టును ఒక మూర జరిపినచో ఎట్టి తగవు వచ్చునో మన పల్లెలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. శాస్త్రపరిభాషను, ఊర్ల పేర్లను, సంస్థల పేర్లను కూడ అట్లే విడువవలెను.

ఉపోద్ఘాతములో ప్రశ్నను తిరిగి చెప్పిన వెంటనే విద్యార్థి తన నిశ్చయము చెప్పవలెను. గుంతకల్లు వైపు, కర్నూలు వైపు, నంద్యాల వైపు దారులు చీలు కూడలిలో పెరిగిన పిల్లవానికి రైలును గూర్చి చెప్పుటకు విషయమే లేదా? చుట్టుపట్ల గనులనుండి రాయి లారీలమీదనే కదలునని అతడు కన్నులార చూచుచున్నాడు. కావున రోడ్డు పక్షమునను చెప్పదగినది కలదు. ఈ విషయమంతయు విడిచి ఎచ్చటనో కంఠస్థము చేసిన నాలుగు వాక్యములను ప్రతి ప్రశ్నకును తగిలించుట పలువురి అలవాటు. "నేటి ఆధునిక యుగములో" అని మొదలగు అట్టి వాక్యములను పరీక్షకులు వేలకొలది చదివియుందురు. కంఠపాఠముగా తోచిన వ్రాతకు మార్కు తగ్గించుట ఆ పరీక్ష పద్ధతిలోనిదే. ఈ వాక్యములను అచ్చువేసి ఫీజు పుచ్చుకొని అమ్మువారిపై మాకు గౌరవము తక్కువ.

అభ్యాసమునకు పెద్ద పుస్తకములు అక్కరలేదు. ఇంటిలో రేడియో ఉన్నవారు ఆకాశవాణి తెలుగు వార్తలను విని, అందొక వార్తను పిల్లవానిచేత రెండు వాక్యములలో చెప్పింపవచ్చును. వార్తాచదువరి మాటలే మరల వచ్చినచో ఆపి, "ప్రక్కింటి అవ్వకు చెప్పినట్లు చెప్పుము" అనవలెను. తరువాత ఇంగ్లీషు వార్తలలో అదే సంగతి వచ్చినప్పుడు ఏయే మాటలతో చెప్పిరో గుర్తించి వ్రాసికొనవలెను. ఒకే సంగతి రెండు భాషలలో రెండు అమరికలతో వచ్చుట చెవికి తెలిసినపుడు మాటకు మాట పెట్టు అలవాటు తనంతట తానే సడలును. ఇంటిలో ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు కూడ ఈ పనిలో సాయపడగలరు. మొదటి సగము తెలుగులోనిదే కదా.

పరీక్షగదిలో 40 నిమిషములలో మొదటి ఐదు నిమిషములు కలము కదపకుండుటయే మంచిది. ప్రశ్నను రెండు మార్లు చదివి, కాగితముపైనుండి కన్ను త్రిప్పి, ఇందేమి అడిగిరో మనసులో తెలుగున చెప్పుకొనవలెను. చెప్పుకొనలేనిచో ప్రశ్న ఇంకను అర్థము కాలేదన్నమాట, మూడవమారు చదువవలెను. చెప్పుకొనగలిగినచో ఆ భావమును తెలిసిన చిన్న ఇంగ్లీషు మాటలలో పెట్టి, అప్పుడు ప్రశ్నవైపు తిరిగి చూచి, కొందరు కొందరుగానే ఉన్నారా, షుడ్ షుడ్‌గానే ఉన్నదా అని సరిచూచుకొనవలెను. దీనికంతకును రెండు నిమిషములు చాలును. మిగిలిన 33 నిమిషములును వ్యాసమునకే.