ఏ పరీక్ష దేనిని చూస్తుంది?

(పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల శిక్షణా తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సంఘాల లెక్కలు తనిఖీ చేయటం నా ఉద్యోగం. ఏ ఊరు వెళ్ళినా పుస్తకాలు చూడటం గంటలో అయిపోతుంది. "నిన్న ఆరున్నర వచ్చిన వెన్న ఇవాళ అయిదున్నరకు ఎందుకు దిగిందండీ?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పేసరికి పూట గడుస్తుంది. కనుక ఈ రోజు ఆ పరీక్షల సంగతే మనవి చేస్తాను.

పాలలో నీరు పోగా వెన్న, మాంసకృత్తులు, పాలచక్కెర, లవణాలు ఉంటాయి. వీటిని కంటితో విడదీసి చూడలేము. ప్రతి పరీక్షా ఆ పదార్థానికున్న ఒక గుణాన్ని పట్టుకొని కొలుస్తుంది. మిగిలినదంతా లెక్క.

వెన్నకు మనం చేసే గెర్బర్ పరీక్షను స్విట్జర్లాండుకు చెందిన నిక్లాస్ గెర్బర్ 1891లో రూపొందించాడు. బ్యూటిరోమీటరులో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాలు పోస్తారు. వెన్న పాలలో సన్నని బిందువులుగా, ఒక్కొక్కటి పలుచని పొరలో ఉంటుంది. ఆమ్లం మాంసకృత్తులను కరిగించి ఆ పొరను ఛేదిస్తుంది. ఆ వేడికి వెన్న కరుగుతుంది. యంత్రంలో పెట్టి తిప్పితే తేలిక గనుక ఒకచోట చేరుతుంది. ముక్కాలు మి.లీ. లెక్క ఎందుకని కొందరు నవ్వుతారు. గొట్టం మీది గీతలు ఆ కొలతకే గీశారు. పిపెట్టు మారితే శాతమూ మారుతుంది.

లాక్టోమీటరు సాంద్రతను మాత్రమే చూస్తుంది. సరిచేసిన రీడింగును 4తో భాగించి, వెన్న శాతాన్ని 0.21తో హెచ్చించి కలిపి, దానికి 0.36 చేర్చటం ఎస్.ఎన్.ఎఫ్.కు వాడుకలో ఉన్న ఒక సూత్రం. రీడింగు 30, వెన్న 6.5 ఉన్న గేదె పాలకు 9.2 వస్తుంది. ఆ పాలు 80 లీటర్లలో 20 లీటర్ల నీళ్ళు కలిపితే రీడింగు 24కు, వెన్న 5.2కు దిగి ఎస్.ఎన్.ఎఫ్. సుమారు 7.45 అవుతుంది. దొంగ దొరికాడు. కాని అందులోనే కాస్త పంచదార వేస్తే రీడింగు మళ్ళీ లేస్తుంది! లాక్టోమీటరుకు పంచదారకూ పాల ఘనపదార్థాలకూ తేడా తెలియదు. అందుకే రిసార్సినాలు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి వేడిచేసే పరీక్ష కావాలి. పంచదార ఉంటే ఎరుపు తేలుతుంది.

మాంసకృత్తుల పరీక్షలోనూ ఇదే సందు ఉంది. డెన్మార్కులో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన యోహాన్ కెల్డాల్ 1883లో చెప్పిన పద్ధతి మాంసకృత్తులను నేరుగా కొలవదు, నత్రజనిని కొలుస్తుంది. పాల విషయంలో ఆ అంకెను 6.38తో హెచ్చిస్తారు. యూరియా బస్తా మీద 46 శాతం నత్రజని అని మీరు చదివే ఉంటారు. ఆ యూరియా పాలలో పడితే ఈ లెక్కకు అదీ మాంసకృత్తే. చైనాలో 2008లో బయటపడిన ఘోరం ఇదే సందులోంచి వచ్చింది. నీళ్ళు కలిపిన పాలలో మెలమైన్ అనే రసాయనం వేశారు. దాని బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. పరీక్షలో మాంసకృత్తులు నిండుగా కనిపించాయి. ఆ పాలపొడి తాగిన పసిబిడ్డల మూత్రపిండాలలో రాళ్ళు చేరి సుమారు 3 లక్షల మంది జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. మాంసకృత్తులను ముందుగా ఆమ్లంతో విరిచి వేరుచేసి, మిగిలిన తేటలో నత్రజని ఎంతో విడిగా చూసి ఉంటే ఆ మోసం బయటపడేది. యూరియాకు మనవద్ద రంగు పరీక్ష ఉంది. పాలలో సహజంగానే కొద్ది యూరియా ఉంటుంది గనుక లేత పసుపు చూసి ఎవరినీ అనుమానించవద్దు. ముదురు పసుపు వస్తేనే ఆలోచించాలి.

ఇప్పుడు అనేక సంఘాలలో నిమిషంలో అంకెలు చూపే యంత్రాలున్నాయి. కొన్ని పాలలో ధ్వని వేగాన్ని, కొన్ని పరారుణ కిరణాలను పాలు ఎంత పీల్చుకున్నదీ చూస్తాయి. ఆ గుణం నుంచి వెన్న ఎంతో యంత్రం లెక్కకట్టి చెబుతుంది. ఆ లెక్క దానికి మనమే నేర్పాలి, గెర్బర్, కెల్డాల్ పద్ధతులతో ముందే పరీక్షించిన నమూనాలు చూపి. ఆవు పాలకు సరిచేసిన యంత్రంలో గేదె పాలు పోస్తే తెర మీద అంకె స్పష్టంగానే ఉంటుంది, నిజం కాకపోవచ్చు. ఇది చిన్న విషయం కాదు. కిలో వెన్నకు 800 రూపాయలనుకుందాం. రోజుకు 10 కిలోల పాలు పోసేవారికి 0.3 శాతం తక్కువ చూపితే రోజుకు 24, నెలకు 720 రూపాయలు పోతాయి. ఎక్కువ చూపితే సంఘం మునుగుతుంది.

ఆరున్నర అయిదున్నర అయిన సంగతి చెప్పలేదు కదూ! యంత్రాన్ని తిట్టేముందు రెండు చూడండి. పితికేటప్పుడు చివరి ధారలలోనే వెన్న ఎక్కువ. వాటిని దూడకు వదిలితే (వదలటం తప్పని నేననను) శాతం తగ్గుతుంది. ఇక బిందెలో పాలు కదలక నిలబడితే వెన్న పైకి చేరుతుంది. కలియబెట్టకుండా ముంచిన నమూనా ఎవరి పాలనూ చెప్పదు. ఇవి రెండూ సరిగానే ఉండి అనుమానం తీరకపోతే, అదే నమూనాను మీ ఎదుటే గెర్బర్ పద్ధతిలో కూడా పరీక్షించమని కార్యదర్శిని అడిగి, రెండు అంకెలూ పుస్తకంలో పక్కపక్కన రాయించండి. నేను తనిఖీకి వచ్చినప్పుడు ముందు ఆ పేజీయే తీస్తాను.