మద్యము మానినవాని బీడీ



మద్యము మానినవానిని మనము మెచ్చుకొందుము. అతని చేతిలోని బీడీని మాత్రము చూచియు చూడనట్లుందుము. ఉన్న ఒక్క ఊరటను తీసివేసినచో మరల త్రాగునేమోయని మన భయము.

అమెరికాలోని మిన్నెసోటాలో 1972–1983 నడుమ మద్యాది వ్యసనములకు చికిత్స పొందిన 845 మందిని వైద్యులు దీర్ఘకాలము గమనించి, 1996లో ఫలితములను ప్రకటించిరి. అప్పటికి మరణించిన 222 మందిలో ఇంచుమించు సగము మందిని బలిగొన్నవి పొగాకు సంబంధమైన వ్యాధులే. మద్యమునకు బలియైనవారు మూడవవంతు.

మన భయమునకును ఆధారము లేదు. 2004లో 19 పరిశోధనలను కలిపి చూడగా, చికిత్సతోపాటు పొగాకు మానుటకును సాయము పొందినవారు మత్తుకు దూరముగా నిలుచు అవకాశము 25 శాతము హెచ్చుగా కనబడినది. గ్లాసును, బీడీని అలవాటు జంటగా కట్టినది. ఒకటి రెండవదానిని తలపించును.

కావున, త్రాగుడు మానినవానితో, “ఇదియు విడువుము నాయనా, వైద్యుని కడకు మేము తోడువత్తుము” అని చెప్పుదము.