మట్టికుండలతో మిద్దె

పక్కా ఇల్లంటే సిమెంటు, ఇనుమే అన్న నమ్మకం మన నెల్లూరు తీరంలో పాతుకుపోయింది. ఇదే కోరమండల్ తీరాన దక్షిణంగా ఉన్న ఆరోవిల్‌లో ఆర్కిటెక్ట్ అనుపమ కుందూ చేసిన పని చూస్తే ఆ నమ్మకం గురించి మళ్లీ ఆలోచించాల్సిందే. 1967లో పుణెలో పుట్టి, 1989లో ముంబైలో చదువు ముగించిన ఆమె, మరుసటి ఏడాదే ఆరోవిల్ చేరారు. 2000లో పూర్తయిన తన ‘వాల్ హౌస్’ గోడలను చేత్తో చేసిన పల్చని స్థానిక ఇటుకలతో కట్టించారు. మిద్దె స్లాబులో కుమ్మరి కుండలు పేర్చి, ఆ మేరకు కాంక్రీటు తగ్గించారు.

తుపాన్లకు ఇలాంటి ఇళ్లు ఆగుతాయా అంటారేమో. ఆమె సిమెంటును, ఇనుమును వెలివేయలేదు. అవసరమైన చోటే వాడారు. గాలి వేగాన్ని లెక్కగట్టుకోవడం ఏ ఇంటికైనా తప్పదు. పైగా ఉప్పుగాలికి కమ్మీ తుప్పుపట్టి స్లాబు పెచ్చులూడడం తీరవాసులకు తెలిసిందే. చేతిపనికి కూలి ఎక్కువన్నది మరో అభ్యంతరం. నిజమే, కానీ ఆ డబ్బు ఊళ్లోని కుమ్మరికి, తాపీమేస్త్రీకి చేరుతుంది. 2012లో వెనిస్ బియనాలే ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో ‘వాల్ హౌస్’ను అసలు కొలతల్లోనే మళ్లీ నిలబెట్టింది మన దేశపు పనివాళ్లు, వాళ్లతో కలిసి పనిచేసిన విద్యార్థులే. ఇల్లు కట్టబోయేవారు సిమెంటు బస్తాలు లెక్కేసే ముందు, ఊళ్లో ఏ మట్టి, ఏ పనితనం దొరుకుతాయో ఇంజినీరుతో కలిసి ఒకసారి చూసుకోండి.