పట్టీలతో నడిచే గేరు పెట్టె



బెల్లంపల్లి బొగ్గు బావుల ఊరు. బావిలో హాలేజీ ఇంజను మీలో కొందరు చూసే ఉంటారు. చూడనివాళ్లు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, చెబుతారు. ఇనుప తాడు డ్రమ్ముకు చుట్టుకుంటుంది. ఆ తాడే బొగ్గు టబ్బులను లాగుతుంది. టబ్బులు ఆగాలంటే డ్రమ్ము ఆగాలి. అందుకని డ్రమ్ము చుట్టూ ఒక పట్టీ ఉంటుంది. పట్టీ బిగిస్తే డ్రమ్ము ఆగుతుంది. వదిలితే తిరుగుతుంది.

ఈ పట్టీని గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు చెప్పబోయే పాత కారులో కూడా పని చేసేది ఇలాంటి పట్టీయే.

హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ ఉంది కదా. అక్కడ నిజాం నవాబుగారి రోల్స్ రాయిస్ కారు ఉంది. అది 1912 నాటిది. పసుపు పచ్చ బండి. ఆ కాలం కార్లు చూడముచ్చటగా ఉంటాయి, నడపడమే కష్టం. గేరు మార్చేటప్పుడు లెక్క తప్పితే లోపల పళ్ల చక్రాలు గరగరమంటాయి. పళ్లు విరగవచ్చు కూడా.

ఈ బాధ తప్పించడానికి ఇంగ్లాండులో వాల్టర్ విల్సన్ అనే ఇంజనీరు కొత్త రకం గేరు పెట్టె చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వచ్చిన ట్యాంకుల తయారీలో కూడా ఆయన చెయ్యి ఉంది. 1930లో డైమ్లర్ కంపెనీ ఈ పెట్టెను తన కార్లలో పెట్టింది. మన దేశంలో రాజులు, మహారాజులు డైమ్లర్ కార్లు కొన్నారు.

ఇందులో స్టీరింగు దగ్గర చిన్న మీట ఉంటుంది. ముందుగా దాన్ని కావలసిన గేరు అంకె మీదికి జరపాలి. అప్పుడేమీ కాదు. తర్వాత ఎడమ కాలి పెడల్ తొక్కి వదలాలి. అప్పుడు గేరు పడుతుంది. చెప్పడం మనిషి పని, మార్చడం పెట్టె పని. సగం మనది, సగం దానిది.

పెట్టె లోపల డ్రమ్ములు, వాటి చుట్టూ పట్టీలు ఉంటాయి. ఒక్కో పట్టీకి ఒక్కో గేరు. అన్నిటికంటే పై గేరుకు మాత్రం పట్టీ ఉండదు, క్లచ్చి ఉంటుంది. పట్టీని బిగించేది బలమైన స్ప్రింగు. హాలేజీలో మనిషి చెయ్యి చేసే పని ఇక్కడ స్ప్రింగు చేస్తుందన్నమాట.

ఇంజనుకూ గేరు పెట్టెకూ నడుమ నూనె చక్రం ఉంటుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది. ఇక్కడ గాలికి బదులు నూనె. ఈ నూనెను నిండా పొయ్యరు. వేడెక్కితే నూనె ఉబ్బుతుంది, దానికి చోటు కావాలి.

గేరు పెట్టెలోనూ నూనె పోస్తారు. మామూలు గేరు పెట్టెల్లో పోసే చిక్కటి నూనె దీనికి పనికిరాదు. ఏ నూనె అన్నది కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. ఎంత చెయ్యి తిరిగిన మెకానిక్కయినా ఆ పేజీ చదవాల్సిందే.

పట్టీలు అరుగుతాయి. అరిగినకొద్దీ వాటంతట అవే సర్దుకునే ఏర్పాటు లోపలే ఉంది. తెలియని మనిషి పానా పట్టుకుని బిగించబోతాడు. అలా చేస్తే ఉన్నదీ పోతుంది. కొత్త పట్టీలు వేశాక ఒక్కో గేరు పెట్టి, పెడల్‌ను పూర్తిగా తొక్కి వదలాలి. మళ్లీ మళ్లీ తొక్కాలి. విసుగు పుట్టే పనే, కానీ దగ్గరి దారి లేదు.

పెడల్‌ను సగం తొక్కి వదలకూడదు. స్ప్రింగు పట్టు తప్పితే పెడల్ ఎగిరి వెనక్కి తంతుంది. కాలికి పెద్ద దెబ్బే తగులుతుంది.

ఇంకో ప్రమాదం కంటికి కనబడదు. పాత పట్టీల లోపలి పొరలో ఆస్‌బెస్టాస్ అనే రాతినార కలిసి ఉండవచ్చు. దాని దుమ్ము ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. దుమ్ము ఛాతీలో చేరితే ఏమవుతుందో బావిలో పని చేసిన ఇళ్లకు ఒకరు చెప్పాలా? కాబట్టి నోటితో ఊదకూడదు. గాలి పైపు పెట్టకూడదు. గీకకూడదు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. ముక్కుకు కట్టుకున్న రుమాలు ఆ దుమ్మును ఆపదు.

అంతా బిగించాక చక్రాల కింద దిమ్మలు పెడతారు. మీటను న్యూట్రల్ మీద ఉంచి, పెడల్ తొక్కి వదిలి, ఇంజను నడుపుతారు. బండి ముందు ఎవరూ నిలబడరు. గేరులో ఉండిపోయిన బండి కూడా ఇంజను మెల్లగా తిరిగినంతసేపు కదలకుండా నిలబడవచ్చు. ఆక్సిలేటరు నొక్కితే మాత్రం దూకుతుంది. అందుకే ముందు అంకె చూస్తారు, తర్వాత ఆక్సిలేటరు కొంచెం నొక్కుతారు. బండి కదలకపోతేనే దిమ్మలు తీస్తారు.