ఆలస్యముగా పండిన ఫలము: శ్రీ రోహన్ బోపన్న క్రీడాజీవితము
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



మనవారి నోట రెండు మాటలు తఱచుగా వినబడును. "ఆలస్యం అమృతం విషం" అనునది యొకటి. "నిదానమే ప్రధానం" అనునది రెండవది. పిల్లల చదువు విషయమున మన యిండ్లలో మొదటి మాటకే చెల్లుబాటు ఎక్కువ. రెండవ మాటకు సాక్ష్యముగా నిలువదగిన యొక జీవితమును నేడు మీ యెదుట నుంచదలచితిమి. అది మన బెంగుళూరులోనే పుట్టిన టెన్నిసు క్రీడాకారుడు శ్రీ రోహన్ బోపన్న జీవితము.

ఆయన 1980వ సంవత్సరము మార్చి 4వ తేదీన జన్మించెను. వారిది కొడగు సీమ. తండ్రి కాఫీ తోటల యజమాని. ఆ సీమవారి కొడవ భాషను మాటలాడువారు, మన తెలుగువారితో పోల్చిన, మిక్కిలి కొద్దిమంది. అట్టి చిన్న సమాజమునుండి వచ్చిన బాలుడు పదునొకండవ యేట రాకెట్టు చేతబట్టెను. ఇరువదిమూడవ యేట, అనగా 2003లో, టెన్నిసును వృత్తిగా స్వీకరించెను.

సింగిల్సు ఆటలో ఆయన యెక్కిన అత్యున్నత స్థానము 213. గ్రాండ్‌స్లామ్ అను నాలుగు మహా పోటీలలో సింగిల్సు ప్రధాన విభాగమున ఆడువారు 128 మంది మాత్రమే. కావున 213వ వానికి అందు నేరుగా ప్రవేశము లభింపదు. మన లెక్క ప్రకారము చూచినచో ఇది తప్పిన పరీక్షయే. "ఇక చాలును, వేఱొక పని చూచుకొనుము" అని మనమే చెప్పియుందుము.

ఆయన ఆటను విడువలేదు. తన శక్తికి తగిన త్రోవను వెదకికొనెను. బలమైన సర్వీసు ఆయన సొత్తు. ఇద్దఱు కలిసి యాడు డబుల్సులో దానికి విలువ హెచ్చు. అందు తొలి బిరుదము 2008లో, ఇరువదియెనిమిదవ యేట లభించెను. 2010లో పాకిస్థాను ఆటగాడు ఐసాముల్ హక్ ఖురేషీతో కలిసి అమెరికా ఓపెను తుదిపోటీకి చేరి ఓడెను. ఆ నెలలోనే చెన్నపట్టణమున బ్రెజిలుతో జరిగిన డేవిస్ కప్పు పోరులో భారతదేశము మొదటి రెండాటలు ఓడి, 3-2తో గెలిచెను. నిర్ణాయకమైన అయిదవ ఆట గెలిచినవాడు బోపన్నయే. అది సింగిల్సు ఆట యగుట గమనింపదగినది.

2016లో రియో ఒలింపిక్సునందు మన హైదరాబాదు ఆడపడుచు సానియా మీర్జాతో కలిసి నాలుగవ స్థానమున నిలిచెను, పతకము చేజాఱెను. మఱుసటి సంవత్సరము కెనడా క్రీడాకారిణి గాబ్రియేలా డబ్రౌస్కీతో కలిసి ఫ్రెంచి ఓపెను మిక్సెడ్ డబుల్సు గెలిచెను. గ్రాండ్‌స్లామ్ బిరుదము నందిన భారతీయులలో ఆయన నాలుగవవాడు. అంతకుముందు అందినవారు లియాండర్ పేసు, మహేశ్ భూపతి, సానియా. అప్పటికి బోపన్న వయస్సు ముప్పదియేడు.

పిదప కష్టకాలము వచ్చెను. మోకాళ్ళలోని మృదులాస్థి అరిగిపోయెను. 2021లో నెలలతరబడి గెలుపు లేక, ఆట మానుదునా యని తలపోసెను. అయినను అయ్యంగారు పద్ధతి యోగాభ్యాసమును పట్టువిడువక సాగించి నొప్పిని జయించెను. 2023లో ఆస్ట్రేలియా ఆటగాడు మాథ్యూ ఎబ్డెనుతో జతకూడి అమెరికా ఓపెను తుదిపోటీకి మరల చేరెను. మొదటి తుదిపోటీకిని రెండవదానికిని నడుమ పదుమూడేండ్లు గడచినవి. ఈసారియు ఓటమియే.

2024 జనవరిలో వారిరువురు ఆస్ట్రేలియా ఓపెనును గెలిచిరి. బోపన్నకు అప్పుడు నలువదిమూడేండ్లు. 1968లో ఈ పోటీలు వృత్తి క్రీడాకారులకు తెఱవబడిన తరువాత, అంత వయస్సున పురుషుల డబుల్సు గ్రాండ్‌స్లామ్ గెలిచినవాడు వేఱొకడు లేడు. ఆ నెలలోనే డబుల్సునందు ప్రపంచ ప్రథమ స్థానము నధిష్ఠించెను. అదే యేడు పద్మశ్రీ లభించెను. 2025 నవంబరు 1వ తేదీన, నలువదియైదవ యేట, ఆటనుండి విరమించెను. నేడు ఆయన పేరిట నడచు అకాడమీలో మన నగరపు పిల్లలు ఆట నేర్చుచున్నారు.

తల్లిదండ్రులారా! మీ బిడ్డలను టెన్నిసు ఆటగాండ్రను చేయుడని మేము కోరుట లేదు. అది వ్యయముతో కూడిన పని. అన్ని కుటుంబములకు సాధ్యము కాదు. ఓర్చినవారందఱు ప్రథములగుదురనియు మేము చెప్పజాలము. కాని పదునాఱేండ్ల వయస్సున వచ్చిన మార్కులనుబట్టి ఒక బిడ్డ జీవితమునకు తీర్పు వ్రాయుటకు మనకు అధికారము లేదని మాత్రము గట్టిగా చెప్పుదుము.

ఊరు విడిచి, పరభాషా ప్రాంతమున కాలూనిన మనకు తొందర సహజము. బిడ్డ త్వరగా స్థిరపడవలెనను ఆరాటము ప్రేమనుండి పుట్టినదే. కాని ఆ ఆరాటమే తొమ్మిదవ తరగతి రాగానే బిడ్డను ఆటస్థలమునుండి ట్యూషనునకు ఈడ్చుకొని పోవుచున్నది. తెలుగు పాఠమును వృథా కాలక్షేపముగా నెంచుచున్నది. పొరుగింటి బిడ్డ ర్యాంకుతో మన బిడ్డను తూచుచున్నది. 213వ స్థానమున నిలిచిన యువకుని చూచి, నలువదిమూడేండ్ల ప్రథముని ఎవరు గుర్తింపగలిగిరి?

కనుక మా విన్నప మొక్కటే. సాయంకాలము ఒక గంట మీ బిడ్డకు ఆటస్థలమున విడువుడు. గణితమున వెనుకబడినవానికి మఱొక విద్యలో చేయి తిరుగునేమో ఓపికతో చూడుడు. బెదరించుటకు ముందు వేచియుండుట నేర్చుకొందము. మామిడి చెట్టు నాటిన యేడే కాయలేదని గొడ్డలి పట్టు తోటమాలి లేడు కదా!